వదిన చేతిలో జెండా తాడు

ఈ వారం వచ్చిన ఉత్తరం ఎనిమిది పేజీలు. రూళ్ల కాగితం, ఎడమవైపు మార్జిన్, ప్రతి పేజీకీ నంబరు, ఒక్క కొట్టివేత లేదు. పేరూ ఊరూ బయటపెట్టొద్దన్నారు కాబట్టి హవల్దార్ గారనే పిలుస్తాను. నెల్లూరు జిల్లాలో కలిగిరికీ వింజమూరుకీ మధ్య ఎక్కడో ఆయన పల్లె. 1999లో పద్దెనిమిదేళ్ల వయసులో ఆర్టిలరీలో చేరారు. గోల్కొండలో ట్రైనింగ్, ఆ తర్వాత భటిండా, ద్రాస్, తవాంగ్. ఇరవై నాలుగేళ్లు చేసి 2023లో పెన్షన్ మీద ఊరికి వచ్చేశారు. భార్య, ఇంటర్ చదివే కూతురు ఉన్నారు.

ఆయన అక్కడ ఉన్నన్నాళ్లూ ఇక్కడ ఇల్లు చూసుకున్నది అన్న. కొంత సొంత పొలం, కొంత కౌలు, పొగాకు సాగు, ఆకు కాల్చి ఆరబెట్టే బ్యారన్ ఒకటి. తండ్రికి పక్షవాతం వస్తే చివరి మూడేళ్లూ ఎత్తి కూర్చోబెట్టిందీ, తినిపించిందీ అన్నా వదినలే. 2021 పంచాయతీ ఎన్నికల్లో ఊరు మహిళలకు రిజర్వ్ కావడంతో వదిన నిలబడి సర్పంచ్‌గా గెలిచింది.

మొన్న జనవరి 26న పంచాయతీ ఆఫీసు ముందు జెండా కార్యక్రమం. పొద్దున ఆరింటికే వెళ్లి, జెండా మడతపెట్టి, లోపల బంతిపూల రేకులు చుట్టి, తాడు కట్టి అంతా సిద్ధం చేసింది హవల్దార్ గారే. ఎనిమిదింటికి వదిన తాడు లాగింది. ముడి విడలేదు. మళ్లీ లాగింది. స్కూలు పిల్లలు కిసుక్కున నవ్వారు. ఈయన ముందుకు వెళ్లి, వదిన పట్టుకున్న చోటికి జానెడు పైన తాడు పట్టుకుని ఒక్క విదిలింపు విదిలించారు. జెండా విచ్చుకుంది, పూలు రాలాయి, చప్పట్లు మోగాయి. "మిలిటరీ ఆయన నాలుగు మాటలు చెప్పాలి" అని ఎవరో అరిచారు. ఆయన మైకు తీసుకున్నారు. ఉత్తరంలో ఆయన రాసిందే ఇక్కడ పెడుతున్నాను:

"జెండా ముడి విప్పడం రానివాళ్లు ఊరి ముడులు ఏం విప్పుతారు అన్నాను. సర్పంచ్ నుంచి ప్రధానమంత్రి దాకా ఎవరైనా సరే, ఐదేళ్లు మిలిటరీలో చేసి వస్తేనే నామినేషన్ తీసుకునే చట్టం రావాలన్నాను. వదిన నా పక్కనే ఉంది. తాడు కొస ఇంకా ఆమె చేతిలోనే ఉంది."

అన్న ఆ రాత్రంతా బ్యారన్ దగ్గర మేలుకుని, ఎర్రటి కళ్లతో వచ్చి జనం వెనక నిలబడి ఉన్నాడు. అప్పుడేమీ అనలేదు. సాయంత్రం వచ్చి గడప బయటే నిలబడి, "నువ్వు ఆడ దేశానికి కాపలా కాశావు, కాదన్ను. ఈడ అమ్మానాయనకి కాపలా కాసిందెవుర్రా?" అని వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి మాటల్లేవు. ఎవరో తీసిన వీడియో ఊరి వాట్సాప్ గ్రూపు దాటి మండలమంతా తిరిగింది. వదిన మీద ఓడిపోయిన వర్గం వాళ్లు ఇంటికొచ్చి శాలువా కప్పి, "ఈసారి సీటు జనరల్ అయితే నువ్వే నిలబడన్నా, ఖర్చు సంగతి మాకొదిలెయ్" అన్నారు. హవల్దార్ గారి భార్య మాత్రం, "ముందు మీ అన్న ఇంటి గడప తొక్కండి, పార్లమెంటు గడప ఎవరు తొక్కాలో తర్వాత చూద్దాం" అంటోందట.

ఆరో పేజీలో ఇంకో సంగతి ఉంది. మాజీ సైనికుడిగా భూమి కోసం పెట్టుకున్న దరఖాస్తు రెండేళ్లుగా కదలడం లేదు. ఒక నాయకుడితో చెప్పిస్తే పనవుతుందని ఎవరో అంటే వెళ్లారు. వరండా బయట ఎండలో మూడు గంటలు నిలబెట్టారు. చివరికి ఆ నాయకుడు బయటికి వచ్చి, కాగితం చేతిలోకి తీసుకోకుండానే, "మిలిటరీ కదా, క్యాంటీన్ సరుకేమన్నా దొరుకుద్దా?" అని మిలిటరీ క్యాంటీన్ మందు గురించి అడిగాడు.

ఆయన ప్రశ్నలు మూడు. నేనన్న మాట తప్పా? ఎన్నికల్లో నిలబడమంటారా? అన్నావదినలతో మళ్లీ ఎట్లా కలవాలి?

హవల్దార్ గారూ,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఒకటో పేజీ నుంచి, రెండోసారి ఆరో పేజీ నుంచి. జెండా సంగతికి రెండున్నర పేజీలు పెట్టిన మనిషి, ఆ ఎండనూ ఆ క్యాంటీన్ మాటనూ నాలుగు లైన్లలో దాటేశారంటే నొప్పి అక్కడే ఉందని అనిపించింది. మీరు జనవరి 26న అన్న మాటలు ఆ వరండాలో అనాల్సినవి. అక్కడ నోరు పెగల్లేదు. ఊళ్లో మైకు దొరికింది, పక్కన వదిన దొరికింది.

మిమ్మల్ని తప్పుపట్టడానికి అనడం లేదు. మా చిన్నాన్న ఒకాయన మిలిటరీలో, సిగ్నల్స్ విభాగంలో చేశాడు. సెలవుకి వచ్చి కావలి స్టేషన్‌లో దిగి ఇల్లు చేరేసరికి చుట్టాలంతా పెట్టె చుట్టూ చేరేవాళ్లు. "ఎట్టుండావు" అని ఒక్కరూ అడిగిన గుర్తు లేదు. "ఈసారి ఎన్ని తెచ్చావు" అనే. మంచులో ఆయన కాలివేళ్లు రెండు పోయిన సంగతి మా ఇంట్లో సగం మందికి ఆయన పోయాక గానీ తెలియదు. ఇంట్లో కూడా సాక్సులు విప్పేవాడు కాదు, చలి అలవాటేమో అనుకునేవాళ్లం. కాబట్టి మీ కోపం ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు.

ఇక మీ మొదటి ప్రశ్న. మీరన్న మాట పిచ్చిమాటేం కాదు. చాలా దేశాల్లో, చాలామంది అన్నదే. మన దగ్గరే 2018లో రక్షణ శాఖకు సంబంధించిన పార్లమెంటరీ స్థాయీ సంఘం, గెజిటెడ్ ఉద్యోగాల్లోకి రావాలనుకునేవాళ్లకు ఐదేళ్ల మిలిటరీ సర్వీసు తప్పనిసరి చేయమని సిఫార్సు చేసింది. సైన్యంలో ఆఫీసర్ల కొరత తీర్చడానికి ఆ ఆలోచన. ఉద్యోగులకు పెట్టమన్న షరతు ఆ సంఘంలోని ఎంపీలు తమకెందుకు పెట్టుకోలేదని మీరు అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే.

మీ మాటలో నిజం కూడా ఉంది. యుద్ధానికి సరేనని సంతకం పెట్టే మనిషికి, ఆ సంతకం తర్వాత ఏ ఇంటికి ఎలాంటి కబురు వస్తుందో తెలిసి ఉండాలి. అయితే తెలియాలంటే తుపాకి పట్టి తీరాలా? 1965లో యుద్ధం వచ్చినప్పుడు ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి. ఏనాడూ యూనిఫాం వేసుకోలేదు. లాహోర్ వైపు సరిహద్దు దాటమని సైన్యానికి అనుమతి ఇచ్చింది ఆయనే. 1971లో ఇందిరాగాంధీ. ఏప్రిల్‌లోనే యుద్ధానికి దిగమంటే సైన్యాధిపతి మానెక్‌షా ఇప్పుడు కుదరదు, వానలు పోనివ్వండి, సిద్ధం కావడానికి టైం కావాలన్నారు. ఈ సంగతి ఆయనే తర్వాత చెప్పుకున్నారు. ఆమె ఆగింది, యుద్ధం డిసెంబర్‌లో జరిగింది. ఆమెకు యుద్ధం తెలియకపోయినా, తెలిసినవాడు కాదంటే వినడం తెలుసు. అటువైపు పాకిస్తాన్‌లో ఉన్నది ఎవరు? 1965లో అయూబ్ ఖాన్, 1971లో యాహ్యా ఖాన్. ఇద్దరూ జనరల్స్. మీ షరతు నూటికి నూరుపాళ్లు నెరవేర్చినవాళ్లు. యాహ్యా చేతిలో ఆ దేశం రెండు ముక్కలైంది.

1962 చైనా యుద్ధాన్ని నా ముందు పెడతారని తెలుసు. పెట్టండి. రాజకీయ నాయకులు సైన్యం మాట పెడచెవిన పెట్టారన్నది నిజమే. కానీ ఈశాన్యంలో పోరాడిన సైన్యపు కోర్‌ను నడిపిన కౌల్ లెఫ్టినెంట్ జనరల్. యూనిఫాం ఉన్నంత మాత్రాన తప్పులు జరగవని ఆ యుద్ధం చూపించలేదు. ఇంకా దూరం వెళ్తే, మొదటి ప్రపంచ యుద్ధంలో ముందు వరుసలో పనిచేసి ఐరన్ క్రాస్ పతకం తెచ్చుకున్న హిట్లర్ అనే కార్పొరల్ తర్వాత జర్మనీని ఏం చేశాడో చెప్పక్కర్లేదు.

చట్టం సంగతి కొస్తే, మన రాజ్యాంగంలో ఇప్పుడున్న అర్హతలు చాలా తక్కువ. 84వ అధికరణ ప్రకారం లోక్‌సభకు పాతికేళ్లు నిండిన పౌరుడై ఉండాలి, రాజ్యసభకు ముప్పై. అసెంబ్లీకి 173వ అధికరణ, అక్కడా పాతికే. పంచాయతీకి ఇరవై ఒకటి. ఇంతకు మించి అర్హతలు పెట్టే అధికారం పార్లమెంటుకు లేకపోలేదు. హర్యానా ప్రభుత్వం పంచాయతీ అభ్యర్థులకు చదువు, ఇంట్లో మరుగుదొడ్డి వంటి షరతులు పెడితే 2015లో సుప్రీంకోర్టు సమర్థించింది కూడా. కాబట్టి మీ కోరిక చట్టంగా మారడం అసాధ్యమని నేను కొట్టిపారేయను.

కానీ షరతు పెట్టిన ప్రతిసారీ ఎవరి ముందు తలుపు పడుతుందో చూడాలి. మన రాష్ట్రంలోనే చూశాం. ఇద్దరి కంటే ఎక్కువ పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదని 1994 చట్టంలో పెట్టారు. ముప్పై ఏళ్ల తర్వాత, 2024లో తీసేశారు. పెట్టినప్పుడు జనాభా పెరుగుతోందన్నారు, తీసేసినప్పుడు తగ్గుతోందన్నారు. మధ్యలో మూడో బిడ్డను కన్న తల్లి సర్పంచ్‌గా పనికిరాదని ముప్పై ఏళ్లు చట్టమే చెప్పింది. ఎంతమంది కనాలో ఆమె చేతిలో ఉందో లేదో ఎవరూ అడగలేదు.

మీ రూలు పెడితే ఏమవుతుంది? మీ రోజుల్లో రిక్రూట్‌మెంట్ ర్యాలీలో ఎంతమంది వస్తే ఎంతమందిని తీసుకునేవాళ్లో నాకంటే మీకు తెలుసు. ఇప్పుడైతే నాలుగేళ్లకు జవాన్లను తీసుకునే అగ్నివీర్ పథకంలో చేరడానికి, ఇరవై ఏళ్లు దాటిన కొద్దికాలానికే వయసు అయిపోతుంది. 2022లో ఆ పథకం ప్రకటించినప్పుడు మొదటి ఏడాదికి చెప్పిన సంఖ్య దేశం మొత్తానికి సుమారు 46,000. నలభై ఏళ్లొచ్చాక ఊరికి ఏదైనా చేయాలని బుద్ధి పుట్టినవాడు వెనక్కి వెళ్లి మిలిటరీలో చేరలేడు. ఆడవాళ్లకు సైన్యంలో తలుపులు ఇప్పుడిప్పుడే తెరుచుకుంటున్నాయి, జవాన్లుగా వాళ్లను తీసుకునేది చాలా కొద్దిగా. మన రాష్ట్రంలో స్థానిక పదవుల్లో సగం మహిళలవి. ఆ కుర్చీల్లో ఎవర్ని కూర్చోబెడతారు? ఎస్. జైపాల్ రెడ్డి గారికి చిన్నప్పుడే పోలియో. చంకకర్రలతో పార్లమెంటుకు వెళ్లి మాట్లాడితే సభ నిశ్శబ్దంగా వినేది. ఏ రిక్రూట్‌మెంట్ బోర్డూ ఆయన్ను మొదటి నిమిషం దాటి ఉంచుకునేది కాదు. మీ అమ్మాయికి కళ్లజోడు ఉందని రాశారు. ఆ పిల్లకు రేపు ఎమ్మెల్యే కావాలనిపిస్తే ఏం చెబుతారు?

ఇంకోటి. దీని గురించి మీరు ఆలోచించి ఉండరనుకుంటాను. గన్ డిటాచ్‌మెంట్‌కి, అంటే ఒక ఫిరంగిని నడిపే జట్టుకి, నంబర్ వన్‌గా, అంటే దాని నాయకుడిగా చేశానని గర్వంగా రాశారు. నాయకుడు కావాలంటే మిలిటరీ సర్టిఫికెట్ కావాలన్న రోజున, మీ డిటాచ్‌మెంట్‌లోకి ఎవరొస్తారు? ఎమ్మెల్యేల కొడుకులూ, కాంట్రాక్టర్ల అల్లుళ్లూ వస్తారు. రోజులు లెక్కపెట్టుకుంటూ, ఫొటోలు దిగుతూ, ముందుకు పోస్టింగ్ పడకుండా ఫోన్లు చేయించుకుంటూ. ద్రాస్‌లో రాత్రి రెండింటికి షెల్ అందించే చేతులు వాళ్లవైతే మీకు సమ్మతమేనా? వాళ్లలో ఒకడికి పనిష్‌మెంట్ ఇవ్వాలంటే, పదేళ్ల తర్వాత వీడు మంత్రి అవుతాడేమో అని సుబేదార్ సాబ్ ఆలోచించాల్సి వస్తుంది. సర్వీసులో ఉన్నవాళ్లను రాజకీయాల జోలికి పోనివ్వకుండా సైన్యం అంత గట్టిగా ఉండటానికి కారణం ఉంది. మీ రూలు నాయకుల్ని బాగుచేస్తుందో లేదో గానీ, మీ రెజిమెంట్‌ను మాత్రం పాడుచేస్తుంది.

దక్షిణ కొరియా సంగతి ఒకటి చెబుతాను, ఇది మీ పక్షం. అక్కడ మగవాళ్లందరికీ మిలిటరీ తప్పనిసరి. 1997 అధ్యక్ష ఎన్నికల్లో లీ హోయ్‌చాంగ్ అనే అభ్యర్థి కొడుకులిద్దరూ బరువు తక్కువని సర్వీసు తప్పించుకున్నట్టు బయటపడింది. జనానికి మండింది. ఆయన కొద్ది తేడాతో ఓడిపోయారు. నామినేషన్ వేయొద్దని ఆయన్ను ఏ చట్టమూ ఆపలేదు, ఓటర్లే మనసులో పెట్టుకున్నారు. మన దగ్గరా సైన్యం నుంచి వచ్చినవాళ్లు లేకపోలేదు. జస్వంత్ సింగ్, రాజేశ్ పైలట్, ఖండూరీ, అమరీందర్ సింగ్, మన తెలుగువాళ్లలో యుద్ధవిమానాలు నడిపి వచ్చిన ఉత్తమ్‌కుమార్ రెడ్డి. అందరూ జనం దగ్గరికి వెళ్లి ఓటడిగి వచ్చినవాళ్లే. మీ సర్వీసు కూడా ఓటర్ల ముందు పెట్టుకోవచ్చు. దాన్ని గేటుకు తాళంగా వేయమనడం దగ్గరే నాకు పేచీ.

పేచీకి ఇంకో కారణం మన నేలే. టంగుటూరి ప్రకాశం పంతులు గారు మిలిటరీలో చేయలేదు, వకీలు. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో తుపాకులు ఎక్కుపెట్టిన పోలీసుల ముందు చొక్కా గుండీలు తీసి నిలబడింది ఆయనే. మీకు ఇంకా దగ్గరిది దూబగుంట. మీ కలిగిరి మండలమే. అక్షరాస్యత కార్యక్రమంలో చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్లు, 1992లో, సారా ప్యాకెట్లు ఊళ్లోకి రానివ్వబోమని కూర్చున్నారు. వాళ్ల ముందు నిలిచిన రోసమ్మ గారి పేరు మీరు వినే ఉంటారు. సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబర్‌లో ప్రభుత్వమే సారా నిషేధించాల్సి వచ్చింది. చీపుర్లూ కారం పొట్లాలూ తప్ప వాళ్ల చేతుల్లో ఏ ఆయుధమూ లేదు. (ఆ ఆడవాళ్లు నిలబడిన మండలంలోనే మిమ్మల్ని క్యాంటీన్ సరుకు అడిగారు చూడండి.)

కాబట్టి మీ మాట ఒక అభిప్రాయంగా తప్పు కాదు. నేను ఒప్పుకోను, అంతే. తప్పు జరిగింది ఆ చోటులో, ఆ మనిషి పక్కన.

పోటీ సంగతి. ముందుగా, రిజర్వేషన్ ఏమవుతుందో తేలేదాకా ఇది గాల్లో మాటే. జనరల్ అయిందనే అనుకుందాం. శాలువా కప్పినవాళ్ల డబ్బుతో నిలబడితే గెలిచే అవకాశం బాగానే ఉంటుంది. మీకు పేరుంది, వాళ్లకు బలముంది. గెలిచిన మర్నాటి నుంచి ఏ వీధిలో సిమెంటు రోడ్డు పడాలో, ఏ బిల్లు ముందు పెట్టాలో వాళ్లు చెబుతారు. ఆర్డర్ పాటించడం మీకు కొత్త కాదు, కానీ ఈ ఆర్డర్లు ఇచ్చేవాళ్లకు ర్యాంకు ఉండదు, ఇచ్చానని ఒప్పుకోరు కూడా. అన్న ఇంటికీ మీ ఇంటికీ మధ్య దారి మాత్రం ఖాయంగా మూసుకుపోతుంది. వాళ్లకు కావాల్సింది మీ వదిన ఓడటం. దానికి ఇంటివాడి కంటే మంచి కత్తి దొరకదు.

సొంతంగా నిలబడొచ్చు. అట్లా అయితే మొట్టమొదట వినాల్సింది అన్నావదినలు, వాట్సాప్ గ్రూపు కాదు. వాళ్లు మళ్లీ నిలబడాలనుకుంటున్నారేమో అడిగారా? ఉత్తరంలో లేదు. ఖర్చుకు పెన్షన్ డబ్బు తీయాలి, మీ భార్య ఒప్పుకోవాలి. ఓట్ల నాటికి ప్రతి గుంపూ మీ క్యాంటీన్ కార్డు వైపే చూస్తుంది, ఒక్క సీసా ఇచ్చినా మీరు ఇన్నాళ్లూ తిట్టుకున్న నాయకుడికీ మీకూ తేడా పోతుంది. గెలిచినా సర్పంచ్ పని యూనిట్‌లో పనిలా ఉండదు. అక్కడ మీరు చెబితే కదులుతారు. ఇక్కడ తీర్మానానికి వార్డు సభ్యుల చేతులు లేవాలి, బిల్లుకు కార్యదర్శి కావాలి, మోటారు కాలిపోతే కరెంటు వాళ్లను బతిమాలాలి, కాలువ పూడిక తీయించబోతే గట్టు పక్క పొలం వాడు మీ సొంత మేనమామ అవుతాడు. ఐదేళ్లుగా వదిన ఇదంతా ఎట్లా నెట్టుకొచ్చిందో ఒక్కరోజు కూర్చుని అడిగితే మీ నిర్ణయం మీకే తేలిక అవుతుంది. ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ఆ ఇరవై నాలుగేళ్లలో ఊరి పంచాయతీ ఎన్నికల్లో మీరు ఎన్నిసార్లు ఓటేయగలిగారు? అది మీ తప్పు కాదు, ఉద్యోగం అలాంటిది. కానీ ఊరు మీకు ఎంత తెలుసో మీరు ఒప్పుకోవాలి కదా.

అసలు నిలబడకుండా ఉండటం మూడో దారి. తెల్లవారుజామున కుర్రాళ్లను రోడ్డు మీద పరుగెత్తిస్తున్నానని ఏడో పేజీలో ఒక్క వాక్యం రాశారు. అగ్నివీర్‌కు తయారవుతున్న పదకొండు మంది. మీకు అది చిన్న పనిలా అనిపించినట్టుంది. నాకు అనిపించలేదు. నష్టం ఏమిటంటే, ఆ నాయకుడి వరండాలో పోయిన మర్యాద ఇలా ఉంటే తిరిగి రాదని మీ మనసు పోరుతూనే ఉంటుంది. అది ఓపికపట్టగలరో లేదో మీకే తెలియాలి.

భూమి దరఖాస్తును మాత్రం ఈ ఎన్నికల గొడవ నుంచి విడదీయండి. అది మీరు ఎవర్నీ దేబిరించి తెచ్చుకోవాల్సింది కాదు. నెల్లూరులో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది, డిశ్చార్జి బుక్కూ పాత దరఖాస్తు కాపీలూ పట్టుకుని వెళ్లండి. వాళ్ల నుంచి రెవెన్యూ వాళ్లకు ఒక లేఖ వెళ్లేలా చూడండి. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. ఫైలు ఎవరి టేబుల్ మీద ఎన్నాళ్లుగా ఉందో సమాచార హక్కు కింద అడిగితే ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. రాతపూర్వకంగా రావాలనే అడగండి. వస్తుందా అంటే హామీ ఇవ్వలేను. భూమి ఖాళీగా లేదంటారేమో, అర్హత దగ్గర పేచీ పెడతారేమో. కనీసం ఎండలో నిలబడే పని ఉండదు.

చివరికి అన్న. అన్న అడిగిన ప్రశ్నకు మీరు రెండు పేజీల జవాబు రాశారు, ద్రాస్ చలి నుంచి పిల్ల పుట్టినప్పుడు సెలవు దొరక్కపోవడం దాకా. అన్నీ నిజాలే. కానీ ఆయన మీ కష్టం తక్కువని అనలేదు. తనది కూడా లెక్కలోకి రావాలన్నాడు. బ్యారన్ కాల్చడం మీకు కొత్త కాదు, మిలిటరీకి వెళ్లకముందు నాన్నతో కలిసి మీరూ చేసే ఉంటారు. ఆకు కొట్టి కర్రలకు కట్టి లోపల వేలాడదీశాక ఐదారు రోజులు రాత్రీపగలూ కట్టెలు ఎగదోస్తూ, అద్దంలోంచి థర్మామీటర్ చూస్తూ, వేడి మెల్లగా పెంచుకుంటూ పోవాలి. ఒక రాత్రి కునుకు పట్టిందా, రంగు పోయిన ఆకు వేలం కేంద్రంలో ఎవడూ అడగడు. ఏడాది అప్పు ఆ గదిలో వేలాడుతూ ఉంటుంది. సెంట్రీకి రెండు గంటలకు రిలీఫ్ వస్తుంది. మీ అన్నకు రిలీఫ్ ఎవరు?

క్షమాపణ ఎట్లా అడగాలని అడిగారు. ఇంట్లో చెప్పే క్షమాపణ ఇంటికి సరిపోతుంది గానీ, మాట పడింది ఊరి ముందు. అదే వాట్సాప్ గ్రూపులో వీడియో పెట్టొచ్చు. అయితే శాలువా వర్గం దాన్ని "రాజీ పడ్డాడు, ఎంత తీసుకున్నాడో" అని తిప్పుతుంది, వదిన పేరు మళ్లీ పది మంది నోళ్లలో పడుతుంది. గ్రామసభలో లేచి నిలబడి రెండు ముక్కలు చెప్పడం కష్టమైన దారి, కానీ శుభ్రమైన దారి. ఏది చేసినా ముందు వదినను అడిగి చేయండి. మళ్లీ ఆమె పక్కన నిలబడి ఆమెను అడగకుండా మాట్లాడొద్దు.

చెప్పాల్సిన మాట వెతుక్కోనక్కర్లేదు, రెండో పేజీలో మీరే రాశారు. ఆ రోజు జెండా మడిచి తాడు కట్టింది మీరు. గాలికి ముందే విడిపోకుండా ముడి కొంచెం గట్టిగా వేశానని కూడా రాశారు. రెండు లాగులకు విడకపోవడానికి కారణం ఆమె చేతులు కావు. ఆ సంగతి ఊళ్లో ఇప్పటికీ మీకొక్కరికే తెలుసు.

పొగాకు సీజను ఇంకా అయిపోలేదు. ఒక రాత్రి పదింటికి బ్యారన్ దగ్గరికి వెళ్లండి. ముందుగా కబురు పెట్టొద్దు. క్యాంటీన్ సీసా తీసుకెళ్లొద్దు, ఫ్లాస్కులో టీ పోయించుకుని వెళ్లండి. అన్న లేచి వెళ్లిపోవచ్చు, వెళ్లనివ్వండి. ఆ రాత్రికి పొయ్యి మీరు చూసుకోండి.